పేరు పెట్టి చేసిన ప్రార్థన

2025 జులై 31, గురువారం

ఏ భయం వచ్చినా పుస్తకంలో రాసి ప్రభువుకు అప్పగించమని పాస్టరమ్మ గారు చెప్పారు. అప్పగించాక మళ్ళీ చేతిలోకి తీసుకోకూడదట. నేను చదివింది ఐదో తరగతి. అయినా రాస్తున్నాను. నాకు భయాలకేం కొదవ లేదు. గ్యాస్ కట్టేశానా అని పడుకున్నదాన్ని లేస్తాను. గాలి మారితే తుఫాను అనుకుంటాను.

ఈ రోజు భయం వేరు. నా కొడుకు హెబ్రోను అల్లూరులో పెంచలకృష్ణ గారి రొయ్యల గుంటలకు రాత్రి కాపలా ఉంటాడు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. అంత నమ్మకం పని. పొద్దున వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా పులిసిన వాసన కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. వాళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ వాసనతోనే ఇంటికి వచ్చాడు, దానితోనే పోయాడు.

వాడిని ఏమీ అడగలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున అప్పగించాను. అంబలి తాగేలోపే తిరిగి తెచ్చుకున్నాను, పక్కింటికి ఇచ్చిన చేట అడిగి తెచ్చుకున్నట్టు.

ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మ గారి చెవిలో చెప్పాను, మా వాడు తాగుతున్నాడు అని. తాగుతున్నాడేమో అనలేదు. తాగుతున్నాడు అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని, దిగులు పడబాకమ్మా, సంఘమంతా మోకరిస్తాది అన్నారు. గుండె తేలికయింది. మధ్యాహ్నం కునుకు కూడా పట్టింది.

ఆగస్టు 3, ఆదివారం

పాస్టరు గారు మైకులో పేరు పెట్టి ప్రార్థించారు. నీ బిడ్డ హెబ్రోనును తాగుడు బంధకాల నుంచి విడిపించు ప్రభువా అని. మందిరం మీది మైకు సెంటర్‌లో టీ కొట్టు దాకా వినిపిస్తుంది.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. అన్నాక తెలిసింది, ఊరంతా విన్నదని. పక్కన నా కోడలు షారన్ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. మగవాళ్ళ వైపు చూడలేకపోయాను. వాడు అక్కడే ఉన్నాడు.

బయట చెప్పులు వేసుకుంటుంటే పక్కింటి ప్రేమలీల, ఏందక్కా, మీవోడిది ఏ బ్రాండంట అంది.

ఆగస్టు 4, సోమవారం, మధ్యాహ్నం

పెంచలకృష్ణ గారు వాడిని పనిలోంచి ఆపేశారు. నిన్న మా సెంటర్‌లో టీ కొట్టు దగ్గర ఆయన చెవులారా విన్నారట. నేను తాగనన్నా, ఊదమంటే ఊదతాను అని హెబ్రోను బతిమాలాడట. కన్నతల్లే దేవుడికి మొర పెట్టుకుంటా ఉంటే నీ మాట ఎట్ట నమ్మేదిరా అన్నారట ఆయన.

ఇదంతా షారన్ చెప్పింది. చొక్కా తెచ్చి నా ముందు పడేసింది. ఇది బెల్లం, తవుడు వాసనత్తా, డ్రమ్ములో పులియబెట్టి గుంటలో పోస్తారు, రొయ్యకు మంచిదని, దినామూ కలిపేది మీ కొడుకే, నన్నడిగుంటే చెప్పనా, ఇంట్లోనే కదా ఉండాను అంది.

చొక్కా వాసన చూశాను. నాకు ఇప్పటికీ సారా వాసనే వచ్చింది.

వాడిని అడగడానికి భయపడి దేవుడిని అడిగాను. ప్రార్థన అనుకున్నాను. కన్నకొడుకు మీద చాడీ చెప్పాను.

ఆగస్టు 5, మంగళవారం

నేను పెట్టిన అన్నం తింటున్నాడు. మాట్లాడటం లేదు.

ఆగస్టు 7, గురువారం

ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి అల్లూరు వెళ్ళాను. పెంచలకృష్ణ గారు గట్టు మీద ఉన్నారు. అయ్యా, నా బిడ్డ తాగడు, మీ డ్రమ్ము వాసన చూసి పొరపడ్డాను అన్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. మా ఇంటామె కూడా మొదట్లో నన్ను ఇట్నే అనుమానపడింది లేమ్మా అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆయన నవ్వు ఆపేసి, నేను నమ్మితే చాలదు కరుణమ్మా, రేపు రొయ్య చస్తే తాగుబోతును పెట్టుకున్నావని పార్ట్‌నర్లు నా మీద పడతారు, మైకులో చెప్పించినావు గదా, ఆ మైకులోనే కాదని చెప్పు, అప్పుడు చూస్తాం అన్నారు.

మైకు పట్టుకోవడం అంటే నాకు చావే. కొడుకును కప్పిపుచ్చుతోంది అనుకుంటారేమో.

ఆగస్టు 10, ఆదివారం

సాక్ష్యాలప్పుడు లేచాను. సాక్ష్యమంటే ప్రభువు చేసిన మేలు చెప్పాలి. నేను చేసిన కీడు చెప్పాను. నా కొడుకు తాగడు, అది బెల్లం నీళ్ళ వాసన, వాడిని ఒక్క మాట అడక్కుండా అబద్ధం చెప్పాను అన్నాను. చివర స్తోత్రం అనడం మరిచిపోయాను. ఒక్కరూ ఆమెన్ అనలేదు. వెనకాల ఎవరో నవ్వారు.

బయట ప్రేమలీల, నీకంత పాడు బుద్ధి పుట్టింటే మా ఆయన పేరు చెప్పుండకూడదా అక్కా, ఆయన నిజంగానే తాగతాడు అంది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. సిగ్గేసింది.

ఆగస్టు 12, మంగళవారం

పెంచలకృష్ణ గారు వాడికి ఫోన్ చేశారు. రాత్రి కాపలా ఇంకొకరికి ఇచ్చేశారట. పగలు మేత వేయడానికి రమ్మన్నారు. జీతం తక్కువ. సరేనన్నాడు. నా మొహం చూడకుండానే క్యారియర్ తీసుకుని వెళ్ళాడు. ఆ తగ్గింది నా మూలానే.

మధ్యాహ్నం ఉరిమింది. గట్టు మీద పిడుగు పడుతుందని భయమేసింది. షారన్‌ను అడిగాను. షెడ్డు ఉందత్తా అంది. అడిగితే ఇంతే.

ఆగస్టు 19, మంగళవారం

సాయంత్రం హెబ్రోను నా మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఒక సంగతి చెప్పాడు. ప్రార్థన చేయమ్మా అన్నాడు.

చేశాను. ఆ సంగతి ఇక్కడ కూడా రాయను.