నీళ్ళలో ఉడికించిన ఓట్స్

మార్చి 3, మంగళవారం

తిన్నదల్లా రాయమంది డైటీషియన్. ఆవిడకి చూపించే కాగితం వేరే ఉంది, ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఈ డైరీ నాకోసం. ఇందులో తిట్లు కూడా రాసుకోవచ్చు.

బరువు 89.6. నేను 84కి దిగితేనే నా కిడ్నీ తీసి అక్కకి పెడతానన్నాడు డాక్టరు. రక్తం కలిసింది, టెస్టులన్నీ పాసయ్యాను, పొట్ట దగ్గర ఫెయిలయ్యాను. గడువు రెండున్నర నెలలు. అది దాటితే అక్క గుండె ఈ కిడ్నీ ఆపరేషన్‌కి తట్టుకుంటుందని మాట ఇవ్వలేనన్నాడు.

టిఫిన్: నీళ్ళలో ఉడికించిన ఓట్స్, రెండు గుడ్ల తెల్లసొన, సగం ఆపిల్. అక్కే చేసింది. డయాలిసిస్ లేని రోజైనా కాస్త పడుకో అక్కా అంటే, నువ్వు నాకోసం నోరు కట్టుకుంటుంటే నేను స్టవ్ కూడా వెలిగించకూడదా అంది. బావ పోయాక ఈ ఇంట్లో ఇద్దరమే. ఆవిడతో వాదించి గెలిచినవాడు లేడు.

తను బ్రెడ్డు తింటుంది, నేను డ్యూటీకి వెళ్ళాక. అక్కకి బ్రెడ్డు అంచులంటే ఇష్టం. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్కకి అప్పుడు పద్నాలుగు. అప్పటినుంచీ మెత్తటి మధ్యభాగం నాది, అంచులు తనవి.

మార్చి 4, ఉదయం 11

ఆకలి.

మార్చి 6

గడ్డిలా ఉంటాయని భయపడ్డాను గానీ ఓట్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటివి ఎప్పుడూ తినలేదు. అక్క చేతిలో ఏదో ఉంది.

డ్రైవింగ్ నేర్పే ఉద్యోగం ఒంటికి మంచిది కాదు. రోజంతా పక్క సీట్లో కూర్చోవడం, బ్రేకు మీద కాలు పెట్టుకుని ప్రాణాలు గుప్పిట్లో పట్టుకోవడం. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నేర్చుకుంటోంది. ఇవాళ రివర్స్ గేరేసి ముందుకెళ్ళడం లేదేమిటని నన్ను అడిగింది.

మార్చి 10, మంగళవారం

89.9. మిషన్ తప్పేమో అన్నాను. డైటీషియన్ తను ఎక్కి చూపించింది, నలభై ఎనిమిది. ఈ పిల్లకి తక్కెడమ్మ అని పేరు పెట్టాను. రోజూ గంట నడుస్తున్నాను. టీలో చక్కెర మానేసి వారమైంది.

మార్చి 17

90.4.

తలుపేసి, చాటుగా ఏమైనా తింటున్నారా, చెప్పండి, నేను తిట్టను అంది తక్కెడమ్మ. చిన్నపిల్లాడిని అడిగినట్టు అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి చెబితే అక్క నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని గుడ్డు పెంకు ఒలుస్తోంది. పోనీలేరా, నీ ఒళ్ళే వద్దంటోంది, మనమేం చేస్తాం, వదిలెయ్ అంది. వదిలెయ్యడమేమిటి? కాళ్ళు చూసుకుందా ఆవిడ? వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నలభై రెండేళ్ళ వాడిని, ఆరు కిలోలు తగ్గలేక అక్కని పోగొట్టుకుంటానా.

మార్చి 22

ఇవాళ మొత్తం పదకొండు కిలోమీటర్లు నడిచాను. పాంటు బొత్తాం మాత్రం పట్టలేదు.

మార్చి 24, మంగళవారం

తిండి రాసి చూపిస్తే చాలదట, తెచ్చి చూపించమంది. ఇవాళ టిఫిన్ తినకుండా డబ్బాలో పట్టుకెళ్ళాను. అక్కకి ఆఫీసులో తింటానని చెప్పాను.

తక్కెడమ్మ తెల్లసొన చూసింది, సరే అంది. ఆపిల్ చూసింది, సరే అంది. ఓట్స్ ఒక చెంచా తీసి టిష్యూ కాగితం మీద పెట్టి ఊరుకుంది. నేను గోడ మీద కూరగాయల బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలకి కాగితం నూనె పీల్చి అద్దంలా అయింది. అప్పుడు కొంచెం నాలుక మీద వేసుకుంది. వెన్న, మీగడ, మెత్తగా నూరిన బాదం ఉన్నాయంది. ఈ టిఫిన్ బరువు తగ్గేవాళ్ళది కాదు, కుస్తీ పట్టేవాళ్ళదంది.

నాకు ఒళ్ళు మండింది. మా అక్క నీళ్ళలోనే వండుతుంది, మీ కాగితం సంగతి చూసుకోండి అని అరిచేసి వచ్చాను. ఫీజు కట్టడం కూడా మర్చిపోయాను.

మార్చి 25, ఉదయం 5.40

వంటింటి తలుపు దగ్గర చూసి వచ్చి రాస్తున్నాను.

అక్క స్టవ్ ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పప్పుల డబ్బా వెనకనుంచి వెన్న తీసింది. పెద్ద చెంచాడు. తర్వాత మీగడ. కలుపుతూ మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, టిష్యూ కాగితం పట్టింది.

ఇంకొకటి కూడా చూశాను. పక్కనే తన బ్రెడ్డు. నేనింకా లేవలేదనుకుని ముందే తింటోంది. మెత్తటి మధ్యభాగం తింటోంది. అంచులన్నీ చింపి ప్లేటు పక్కకి తోసేసింది.

మార్చి 25, సాయంత్రం

గిన్నె నా ముందు పెట్టింది. తినలేదు. వెన్న ఎందుకక్కా అన్నాను. ఏ వెన్న అంది. పప్పుల డబ్బా వెనకది అన్నాను. స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

తర్వాత చెప్పింది. వద్దురా అని ముఖం మీద అంటే నువ్వు వినే రకం కాదు అంది. నువ్వు తగ్గకపోతే డాక్టరే వద్దంటాడు, ఎవరి తప్పూ ఉండదనుకున్నాను అంది. అమ్మ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది, పూర్తిగా పెట్టింది, నీలోంచి ఒక ముక్క కోసుకుంటే రేపు ఆవిడకి ఏం చెప్పను అంది. పైగా రెండు కిడ్నీలుండగానే ఎవరూ పిల్లనివ్వలేదు, ఒకటి పోతే ఎవరిస్తారు అంది. ఏడుస్తూనే అంది ఆ మాట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చాలా కోపంగా ఉన్నాను. మూడు వారాలు నా పొట్టని నేనే తిట్టుకున్నాను. కానీ ఆవిడ చేతులు చూశాక తిట్టడానికి నోరు రాలేదు. డయాలిసిస్ సూదులు గుచ్చి గుచ్చి ఆ చెయ్యి గట్టిపడిపోయింది. అదే చెయ్యి తెల్లవారకముందే లేచి నాకోసం బాదం నూరింది.

ముప్పై ఎనిమిదేళ్ళు నీ బ్రెడ్డు మధ్యభాగం నేను తిన్నాను, ఒక్కరోజైనా వద్దన్నానా అన్నాను. నువ్వు పెడితే నేను తినాలి, నేను పెడితే నువ్వు తినవా, ఇదెక్కడి న్యాయం అన్నాను. నువ్వు లేకుండా రెండు కిడ్నీలతో నేనేం చేసుకోను అన్నాను.

అంచులు నాకు నిజంగానే ఇష్టంరా అంది.

నేను గిన్నె తనవైపు జరిపాను. కాసేపటికి తనే లేచి గిన్నె సింకులో బోర్లించి, మళ్ళీ నీళ్ళు పెట్టింది.

మార్చి 26

90.1. ఓట్స్ నిజంగానే గడ్డిలా ఉన్నాయి. మొత్తం తిన్నాను. అక్క ఎదురుగా కూర్చుని చూసింది.

మార్చి 31

తక్కెడమ్మకి క్షమాపణ చెప్పి, పాత ఫీజు కట్టాను. అక్క చేసిన పని చెప్పాను. ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. 89.2.

ఏప్రిల్ 21

86.5. టీచరమ్మ లైసెన్సు టెస్టు పాసయింది. మీరు చిక్కిపోయారు, ఆరోగ్యం బాగుందా అని అడిగింది. ఇంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు.

మే 12, మంగళవారం

83.7.

మూడుసార్లు ఎక్కి దిగాను. అక్కకి ఫోన్ చేస్తే ఊఁ అని పెట్టేసింది. ఇంటికెళ్ళేసరికి ఆస్పత్రి సంచి సర్దేసి ఉంది. నా తువ్వాలు, నా బ్రష్షు, నా చెప్పులు. తనవి ఇంకా సర్దుకోలేదు.

మే 18, సాయంత్రం

రేపు పొద్దున్నే ఆపరేషన్. టిఫిన్ ఉండదు. భయంగా ఉంది. అక్కకి చెప్పలేదు, తనూ నాకు చెప్పలేదు.

మే 22, ఉదయం

నర్సు వచ్చింది. అక్క లేచి కూర్చుని బ్రెడ్డు తిన్నదట. మధ్యభాగమంతా తినేసి అంచులు ప్లేటులో ఉంచిందట. పక్క వార్డులో మా తమ్ముడున్నాడు, వాడికి ఇవంటే ప్రాణం అందట. ఇక్కడ అలా పంపకూడదండీ, ఊరికే అడుగుతున్నాను, నిజమేనా అంది నర్సు.

నిజమే, చిన్నప్పటినుంచీ నాకు అంచులే ఇష్టం అన్నాను.