వెనకాల ఉన్నారేటి?

ఆదివారం రాత్రి, నర్సీపట్నం లాడ్జి.

ఈరోజు ఆఫీసు వాళ్లతో లంబసింగి వైపు కొండ ఎక్కాను. మంచులో ఎవరూ తప్పిపోకూడదని ముందు నడుస్తున్న సూర్యారావుగారు మాటిమాటికీ "ఎనకాల ఉన్నారేటి?" అని కేకేశారు. అందరికంటే చివర నడిచేవాళ్లు "ఉన్నామండీ" అని బదులివ్వాలి. ఎక్కినంతసేపూ చివర నేనే, పలికిందీ నేనే.

దిగేటప్పుడు మాత్రం కావాలనే పలకలేదు. ఎవరైనా ఆగి వెనక్కి చూస్తారేమోనని. నా ముందున్న రమణి తల కూడా తిప్పకుండా "మేడం వచ్చేస్తన్నారండీ, పదండి" అంది. అందరూ కదిలిపోయారు.

నిజంగానే కాలు జారి పడి ఉంటే?

కాసేపటికి వాళ్ల మాటలు కూడా వినిపించలేదు. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా "ఉన్నానండీ" అన్నాను.