కారు దిగలేదు, రాజవ్వా దిగలేదు

ఆదివారం

బిడ్డ సుజాత కారు ఇవాళ మన పెరట్లో నిలబడింది, చక్రం నేలలోకి వేలెడంత కూడా దిగలేదు. ఇక దవాఖానకు పోవాలంటే నా ఇంటిది రాజవ్వ ఆ నొప్పి మోకాళ్లతో కారు ఆగే గల్లీ చివరిదాకా నడవక్కర్లేదు.

కారు నిలిపేందుకు మొదటిసారి నల్లమట్టి మీదే కంకర పోశాను, ఒక్క వానకు ఆ మట్టి దాన్ని మింగేసింది. ఈసారి మట్టి తోడి, మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరిచి, పైన కంకర పరిచాను. బొగ్గుగనిలో పనిచేసేటప్పుడు కూలుతుందేమోనని పైకప్పును తట్టినట్టే, నిన్న గడ్డపారతో నేలంతా తట్టి విన్నాను.

"బాపూ, ఇది గని కాదే, పెరడు" అని సుజాత నవ్వింది.

"డొల్ల చప్పుడు ఏడున్నా ఒక్కటే బిడ్డా."

మూలన డొల్లగానే మోగింది. తవ్వితే పందికొక్కు బొక్క. పూడ్చి మళ్లీ కొట్టాను. రాత్రంతా వాన పడినా నేల చెదరలేదు. ఆ మూల రేపు ఇంకోసారి తట్టాలి.

పొద్దున పోయే పనేమీ లేకున్నా రాజవ్వ కారెక్కి కూర్చుంది. దిగవే అంటే, "దిగబుద్ధైతలేదయ్యా" అంది. నా కళ్లు నిండిపోయాయి.

చెప్పాల్సినవాళ్లు: మందమర్రి అక్క, శ్రీరాంపూర్ తమ్ముడు, రాజవ్వ చెల్లెలు. అందరికంటే ముందు నస్పూర్ బావ. "గుట్టంత కంకర పోసినా కారు దిగుతది" అన్నది ఆయనే.