పద్మ గొంతు

మంగళవారం రాత్రి, అమ్రోలి, సూరత్

డాక్టరు చీటీ లేకుండా కొనుక్కున్న, చెవి లోపల దాగే నా వినికిడి మిషన్ పాడై వారమైంది. ఇంట్లో చెప్పలేదు. ఇవాళ సలాబత్‌పురా దుకాణంలో అడిగితే, "వో మోడల్ బంద్ హో గయా, భాయ్", ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదంటూ చెవి వెనక తగిలించుకునేది చూపించాడు. అది పెట్టుకుంటే గల్లీ అంతా చెవిటోడంటుంది. వద్దన్నాను. లోకమంతా మూగబోయినా, ఈ వారం నా భార్య పద్మ మాట మాత్రం స్పష్టంగా వినబడుతూనే ఉంది. ఆ ధైర్యంతోనే ఇంటికొచ్చాను.

"ఏంది గట్లున్నవ్? జర పచ్చడేసుకో" అంది పద్మ, అన్నం పెడుతూ. ఎప్పటి గొంతే.

అప్పుడే మా అమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది. పెదవులు చూసి దాని మాట పట్టుకున్నాను. "అమ్మా, వారం సంది నాన్నతోని గొంతు తీయకుంట మాట్లాడుతున్నవేంది?"

"గట్టిగ అంటే గల్లీకి తెలుస్తది గద బిడ్డా" అంది పద్మ.

మగ్గాల మోతలో కలిసి పనిచేసిన రోజుల్లో మా ఇద్దరికీ అదే అలవాటు. గొంతు దండగ, పెదవులు కదిపితే చాలు. అంటే మిషన్ పాడైన సంగతి ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది.

పద్మ నిద్రపోయింది. లైటు ఆర్పితే ఆ పెదవులు కనబడవు. ఆమె గొంతే తీయలేదంటే, మరి ఈ వారమంతా నేను విన్నది నా తలలో దాచుకున్న ఆమె పాత గొంతేనా?