సాంబమూర్తి గారి రోజా

దిల్‌సుఖ్‌నగర్

పొద్దుటి నడకలో నా జోడు గౌస్ మాస్టారికి సాంబమూర్తి నమస్కారాలు.

రోజాలో ఫోన్ మాట్లాడితే గొంతెండుతుందన్నారు కనుక ఉత్తరం. "ఆరోగ్యంగా రంజాన్, ఇఫ్తార్‌లో వేపుళ్లు బంద్, ఇరుగుపొరుగు అందరూ రండి" అన్న మీ కరపత్రం చూశాను. మీకు తోడుగా నేనూ ఉపవాసం మొదలుపెట్టాను. కష్టమేమీ లేదు. మీవాళ్లు నీరసమని అంత గొడవ చేస్తారెందుకో!

ఇట్లు,
సాంబమూర్తి

తా.క.: మాంసం లేని హలీం ఉంటుందా? లేకపోతే కళ్లు మూసుకుని తింటాను.

ఎల్బీనగర్

సాంబమూర్తి సాబ్‌కు గౌస్ సలాం.

దిల్ ఖుష్ చేసిన్రు! మా పోరగాళ్లే మధ్యాహ్నానికి సోలిపోతున్నరు, మీరేమో కష్టమే లేదంటున్నరు. అందుకే సరూర్‌నగర్ల మీ ఫొటోతోని పెద్ద ఫ్లెక్సీ కట్టించిన: "మనతోపాటు రోజా ఉంటున్న సాంబమూర్తి గారు". శుక్రవారం ఇఫ్తార్ల స్టేజీ మీద మీరే మాట్లాడాలె. బరువెంత తగ్గిన్రో గూడ చెప్పున్రి.

మీ
గౌస్

తా.క.: ఫ్లెక్సీల మీ మొఖం జర లావుగొచ్చింది. ప్రింటింగోని తప్పు.

దిల్‌సుఖ్‌నగర్

మాస్టారికి నమస్కారాలు.

తప్పు ప్రింటింగువాడిది కాదు. నాలుగు కిలోలు పెరిగాను. నియమం తప్పిందీ లేదు. పొద్దున్నే ఉప్మా, కాసేపటికి పెసరట్టు, మధ్యాహ్నం గారెలు, సాయంత్రం అటుకులు. అన్నం మెతుకు ముడితే ఒట్టు! మరి ఈ ఒళ్లు ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కావడం లేదు.

ఇట్లు,
అయోమయంలో ఉన్న సాంబమూర్తి

తా.క.: మధ్యలో ఆకలేస్తే మీవాళ్లు ఏం తింటారు?

ఎల్బీనగర్

సాబ్,

అన్నం మానుడు రోజా కాదు! తెల్లారకముందే సహరీ తింటం, మల్ల పొద్దుగూకేదాక మెతుకు లేదు, చుక్క నీళ్లు లేవు. నడుమ గారెలేంది? ఫ్లెక్సీ చూసి మీర్‌పేట్ నుంచి గూడ జనం వస్తున్నరు. నేను స్టేజీ మీద అబద్ధమాడలేను, అదీ రోజాల! నా ఇజ్జత్ పోతది. ఏం చెయ్యాలె చెప్పున్రి.

పరేషాన్ల ఉన్న
గౌస్

తా.క.: ఆకలైతే మావోళ్లు గడియారం చూస్తరు.

దిల్‌సుఖ్‌నగర్, శుక్రవారం పొద్దున (మనిషి చేత)

గౌస్ అన్నయ్య గారికి, సాంబమూర్తి గారి భార్య కోటేశ్వరమ్మ నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం నేనే విప్పాను. మా వారికి చూపించలేదు. చూపిస్తే దిగులుతో ఇంకో వాయి గారెలు అడుగుతారు.

మీరు అబద్ధమాడక్కర్లేదు. ఊరంతా నమ్ముతోందే అని ఫ్లెక్సీ చూసి నాకు సిగ్గేసింది. మీ ఇంటికొచ్చి ముంతాజ్ వదినని అడిగి అన్నీ తెలుసుకున్నాను. ఆ మర్నాటి నుంచీ రోజా ఉంటున్నది నేను. ఎవరికీ చెప్పొద్దని వదినతో ఒట్టు వేయించుకున్నాను. చుక్క నీళ్లు తాగకుండా ఈయన గారెలకి నూనె మూకుడు ముందు నిలబడుతున్నాను. ఈయనకి అనుమానమే రాలేదు. కూరల్లో ఉప్పు కుదరడం లేదన్నారు, అంతే. రుచి చూడకుండా వండుతున్నాను మరి.

సాయంత్రం స్టేజీ మీదకి నేనొస్తాను. ఫ్లెక్సీ మీద "శ్రీమతి సాంబమూర్తి" అని మాత్రం అతికించకండి. కోటేశ్వరమ్మ అని రాయించండి. మా గేటు మీద కూడా ఆయన పేరే. నా పేరు పెద్ద అక్షరాల్లో ఒక్కసారి చూసుకోవాలనుంది అన్నయ్యా.

మీ చెల్లెలు,
కోటేశ్వరమ్మ

తా.క.: ఇఫ్తార్‌లో మా వారిని నా పక్కన కూర్చోబెట్టకండి. అజాన్ కంటే ముందు ఆయన చెయ్యి నా పళ్లెంలోకి వస్తుంది.