ఓలెసుండ్‌లో నేను దిగను

స్టవాంగర్, 4 మే 1976

ఓలౌగ్‌కి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. లేకపోతే ఈ పందొమ్మిదేళ్ళలో ఎవరో ఒకరు కబురు పెట్టేవారే. ఫోన్ చెయ్యొచ్చుగా అనుకుంటావేమో. నీ గొంతు వినడానికి నేనింకా సిద్ధంగా లేను. కాయితమైతే ఎదురు మాట్లాడదు.

సంగతేమిటంటే, చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నా ముప్పై ఎనిమిదేళ్ళ కొలువు మార్చితో ముగిసింది. గోడ గడియారం ఇస్తారనుకున్నాను. ఓడ టికెట్ ఇచ్చారు. దేశానికి ఉత్తరపు చివరన నోర్‌కాప్ కొన దాకా వెళ్ళి రావడానికి పన్నెండు రోజులు. తెల్ల ఓడ, ఆరంతస్తులు. జూన్ పదిహేడున మీ ఊళ్ళో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆగుతుందట. ఎవరి నోటో వినేకంటే నా ద్వారా తెలియడం మర్యాద కదా అని రాస్తున్నాను.

నేను దిగను. ముందే తేల్చుకున్నాను. రేవు రాగానే ఆరువందల మందీ బిలబిలమంటూ దిగిపోతారు. అప్పుడు ఓడ మొత్తం నాదే. కిటికీ పక్క మెత్తటి కుర్చీ నాది, వడ్డించేవాళ్ళందరికీ నేనొక్కదాన్నే. ముప్పై ఎనిమిదేళ్ళు నిలబడి డబ్బాల్లో చేపలు పేర్చాను. ఒక్కరోజు కూర్చుంటాను.

ఇట్లు,
అక్క బోర్గిల్డ్

తా.క. ఏదైనా పని మీద రేవు వైపు వస్తే తలెత్తి చూడు. ఎడమవైపు కమ్మీల దగ్గర నీలం టోపీ. నువ్వు రావాలని కాదు, టోపీ కొత్తది.


ఓలెసుండ్, 11 మే

అక్కా,

ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని, కుర్చీ వేసుకుని కూర్చుని మరీ విప్పాను. ఎవరూ పోలేదు. సంతోషం.

నిన్ను దిగమని ఎవరడిగారు? నేనూ రేవుకి రాను. పదిహేడో తారీఖు గురువారం. గురువారాలు నేను మెట్లు కడుక్కుంటాను. పైగా మా వంటింటి కిటికీలోంచి రేవంతా కనిపిస్తుంది. ఒక టోపీ కోసం కొండ దిగక్కర్లేదు. ఓడ ఎక్కడమంటావా, అది జరగని పని. పెళ్ళయిన ఏడు మోల్దె వెళ్ళే పడవలో, కడుపులో ఉన్నదంతా పాస్టరు గారి టోపీలో వదిలి, ఇక నీళ్ళ మీద కాలు పెట్టనని ఒట్టేసుకున్నాను. ఆ ఒట్టు ఇంకా ఉంది. ఆ టోపీ మాత్రం ఆయన మళ్ళీ పెట్టుకోలేదు.

కాబట్టి నువ్వు దిగవు, నేను ఎక్కను. మనిద్దరం ఇంత సులువుగా ఒక మాట మీదికి రావడం ఇదే మొదటిసారి.

నీ చెల్లెలు,
ఓలౌగ్

తా.క. కాఫీ మటుకు రోజూలాగే పదకొండుకి పెడతాను. కాఫీ వేళ సంగతి నీకు ఒకరు చెప్పాలా!


స్టవాంగర్, 13 మే

ఓలౌగ్,

మళ్ళీ కాఫీయేనా! పందొమ్మిదేళ్ళయినా ఆ మాట నీ నాలిక మీంచి దిగలేదన్నమాట.

నీకు గుర్తు లేకపోతే నేను చెబుతాను. అమ్మకి ప్రాణం మీదికి వచ్చిందన్న కబురు తెలిసి బయల్దేరాను. స్టాడ్ మొన దగ్గర పొగమంచు. పడవ మూడు రోజులు కదల్లేదు. తడిసిన కోటుతో, చేతిలో వాడిపోయిన పూలతో నీ గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మని మట్టిలో పెట్టి వచ్చేశారు. అప్పుడు నువ్వు ఊరందరి ముందూ ఏమన్నావు? "శవపెట్టెకి అందలేదు గానీ, కాఫీకి మాత్రం సరిగ్గా అందింది." పాస్టరు గారు దగ్గినట్టు నటించారు. నేను ఆ కప్పు నిలబడే తాగి, నిలబడే వెళ్ళిపోయాను.

ఇప్పుడు విను. ఓడకి నిప్పంటుకున్నా సరే, ఓలెసుండ్ నేల మీద నా కాలు పెట్టను.

బోర్గిల్డ్

తా.క. నన్ను కిటికీలోంచి చూసే పని కూడా పెట్టుకోకు. ఆ తెర లాగెయ్.


ఓలెసుండ్, 19 మే

అక్కా,

కాఫీ అంటే కాఫీయే. గోధుమరంగులో ఉంటుంది, వేడిగా ఉంటుంది. రమ్మని నోరు తెరిచి అడగలేక అలా రాశాను. నువ్వు దాన్ని ఎక్కడికో తీసుకుపోయావు.

మొన్న మే పదిహేడున జాతీయ దినం ఊరేగింపు చూస్తూ పక్కింటి ఎలీసేకి నీ సంగతి చెప్పాను. ఆవిడ జెండా ఊపుతూనే, "ఇంత కోపం కాఫీ మీద కాదమ్మా. రేవులో ఓడ దిగనని మొండికేసే ముసలివాళ్ళకి దిగడానికి కాళ్ళు సహకరించవు. చెప్పుకోవడానికి సిగ్గుపడి అరుస్తారు," అంది. నిజం చెప్పు, నీ కాళ్ళు బాగానే ఉన్నాయా? అమ్మకీ డెబ్భై దాటాకే కదా మోకాళ్ళు పోయాయి.

నువ్వు నిజం చెప్పవు కాబట్టి నేనే రేవు ఆఫీసుకి వెళ్ళి, ఏదైనా ఏర్పాటు ఉంటుందా అని మర్యాదగా అడిగి వచ్చాను.

ఓలౌగ్

తా.క. తెర లాగమన్నావుగా, లాగాను. కమ్మీతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు రేవు ఇంకా బాగా కనిపిస్తోంది.


స్టవాంగర్, 2 జూన్

ఓలౌగ్,

ఈ రోజు ఓడ కంపెనీ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. మూడు ముద్రలున్నాయి. "నడవలేని మా గౌరవ ప్రయాణికురాలికి" అని మొదలుపెట్టారు. ఓలెసుండ్‌లో నన్ను కిందికి దించడానికి ఒక చక్రాల కుర్చీనీ, దాన్ని మోయడానికి ఇద్దరు బలమైన నావికులనీ సిద్ధం చేశారట. కాళ్ళ మీద కప్పడానికి ఉన్ని దుప్పటి కూడా ఇస్తారట.

ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ నా కాళ్ళ వంక చూసి, "అయ్యో, ఎప్పట్నుంచమ్మా?" అన్నాడు. రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కి చూపించాను. "పర్లేదులెండి, అలా అలవాటు చేసుకోవాలి," అని వీపు తట్టి వెళ్ళాడు.

నా కాళ్ళకేం రోగం లేదు. నమ్మకపోతే పదిహేడు పొద్దున పైఅంతస్తు చుట్టూ ఇరవై చుట్లు తిరుగుతాను. నీకెలాగూ తెర లేదు, లెక్కపెట్టుకో. దిగలేక కాదు, దిగకూడదని దిగటం లేదు.

బోర్గిల్డ్

తా.క. కుర్చీ రద్దు చెయ్యమని రాశాను. మొహమాటపడవద్దని జవాబిచ్చారు. మూడో నావికుణ్ణి కూడా కలిపారు.


ఓలెసుండ్, 7 జూన్

అక్కా,

నేను వాళ్ళకి "మా అక్క దిగడానికి కాస్త ఇబ్బంది పడుతోంది" అని మాత్రమే చెప్పాను. ఇబ్బంది మనసుదో కాళ్ళదో వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

సరే. నీ పట్టు నీదైతే నా పట్టు నాది. నువ్వు కిందికి రాకపోతే నేను పైకి రాను. ఇరవై చుట్లూ లెక్కపెడతాను, ఒక్కటి తగ్గినా పోస్టుకార్డు రాస్తాను. మనం నోర్లు విప్పకుండా మీ ఓడ ఐదింటికి వెళ్ళిపోతుంది. నీకు డెబ్భై ఒకటి, నాకు అరవై ఎనిమిది. ఇంకో పందొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ చూసుకుందాం.

ఓలౌగ్

తా.క. మెత్తటి కుర్చీలో కూర్చోవడానికి అంత ఆశ ఉంటే మా ఇంట్లో రెండున్నాయి.


బెర్గెన్ రేవు, ఓడ నుంచి, 15 జూన్

ఓలౌగ్,

ఇది రేపో ఎల్లుండి పొద్దుటికో నీకు చేరుతుందని ఇక్కడి పోస్టాఫీసువాళ్ళు అన్నారు. బెర్గెన్‌లో అందరూ దిగారు, నేను దిగలేదు. అభ్యాసం కోసం. ఖాళీ ఓడ నేననుకున్నంత బాగుండదు. వడ్డించేవాళ్ళు తొమ్మిదిమంది నేను తినడం చూస్తూ నిలబడ్డారు.

నా నిర్ణయం మారలేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. దీన్ని అడగడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది. చివర్లో అమ్మ నన్ను అడిగిందా?

ఉత్తరం రాయొద్దు. అడిగి ఉంటే నీ వంటింటి కిటికీకి తెల్లగుడ్డ ఏదైనా కట్టు. అడగకపోతే ఏమీ కట్టకు. కిందికి చూసి తెలుసుకుంటాను.

బోర్గిల్డ్


ఓలెసుండ్, నీ వంటింటి బల్ల మీద నుంచి, 17 జూన్ సాయంత్రం

ఓలౌగ్,

ఇది రేపు పొద్దున నీకు ట్రోన్‌హైమ్‌లో అందేలా రేవు ఆఫీసువాళ్ళు రాత్రి బండిలో పంపిస్తామన్నారు. నువ్వు ఇక్కడ లేవు. నేనున్నాను. ఎలాగో చెబుతాను.

పొద్దున ఎనిమిదిన్నరకి చుట్లు మొదలుపెట్టాను. ప్రతి చుట్టుకీ నీ కిటికీ వంక చూశాను. గుడ్డ లేదు. ఐదో చుట్టుకి లేదు, పదో చుట్టుకి లేదు. కిటికీలో నువ్వు కూడా లేవు. ఇరవై పూర్తయ్యాక, అమ్మ అడగలేదన్నమాట అనుకున్నాను. సరే, ఆ మాట నా మొహం మీద చెప్పించుకుని వస్తానని నిశ్చయించుకున్నాను. కానీ ఒట్టు ఒకటుందిగా. అప్పుడు ముగ్గురు నావికులూ కుర్చీ పట్టుకుని వచ్చారు. ఎక్కి కూర్చున్నాను. వెనక తలుపులోంచి దించి, కొండ మీదికి తోసుకొచ్చి, గుమ్మం దాటించారు. ఓలెసుండ్ నేల మీద నా కాలు పడలేదు. నీ వంటిల్లు చెక్క నేల, దాని గురించి నేనేమీ అనలేదు.

తలుపు గడియ లేదు, పొయ్యి వెచ్చగా ఉంది, నువ్వు లేవు. నన్ను చూడ్డం ఇష్టంలేక పారిపోయావనుకున్నాను. నాలుగున్నరకి నావికులు మళ్ళీ వచ్చారు.

"పదండమ్మా, ఓడ కదులుతుంది."

"నా చెల్లెలు వచ్చి జవాబు చెప్పేదాకా నేను కదలను."

"ఓడ ఆగదమ్మా."

"నేనూ ఆగమనలేదు."

వాళ్ళు వెళ్ళి లెక్క చూసుకున్నారట. నా గదిలో తెల్లజుట్టు పెద్దావిడ నిద్రపోతోందని అక్కడి పనమ్మాయి చెప్పిందట. లెక్క సరిపోయింది. ఐదింటికి ఓడ కదిలింది. నేను కిటికీలోంచి నా సామాను వెళ్ళిపోవడం చూశాను.

ఆరింటికి రేవు ఆఫీసు మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీరు ఓడలో ఉన్నారు!" అన్నాడు, చాలా గట్టిగా. లేనని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఏడింటికి ఓడ నుంచి తంతి వచ్చింది.

ఓలౌగ్, నువ్వు, పడవ అంచు చూస్తే కడుపు తిప్పుకునే దానివి, ఓడ ఎక్కావా? నా కోసమా?

బోర్గిల్డ్

తా.క. రేపు పొద్దున ట్రోన్‌హైమ్‌లో దిగి రైలెక్కు. ఈలోగా నీ మెట్లు కడిగాను, గురువారం కదా.


ట్రొమ్సొ రేవు, ఓడ నుంచి, 20 జూన్

అక్కా,

ఎక్కాను. పొద్దున పోస్టులో నీ ఉత్తరం అందగానే తెల్లగుడ్డ కోసం అల్మరా తెరిచాను. గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇది గుడ్డతో చెప్పే మాట కాదనిపించింది. దారిలో మందుల కొట్లో ఆగి, కడుపు తిప్పకుండా రెండు మాత్రలు వేసుకున్నాను. ఒకటి చాలునట, వాళ్ళు తర్వాత చెప్పారు. ముందు తలుపులోంచి ఎక్కి నీ గది అడిగాను. నువ్వు చుట్లు తిరుగుతున్నావేమోనని నీ మంచం మీద కూర్చున్నాను. తర్వాత తెలివొచ్చేసరికి కిటికీలో సముద్రం నడుస్తోంది.

ఇప్పుడు జవాబు. అమ్మ అడిగింది. చివరి రెండు రోజులూ అదొక్కటే అడిగింది. "బోర్గిల్డ్ ఏ పడవకి వస్తోందే?" స్టాడ్ దగ్గర పొగమంచమ్మా అన్నాను. "అయితే ఆలస్యమవుతుంది. తడిసి వస్తుంది. అది వచ్చేదాకా ఎవ్వరికీ కాఫీ పొయ్యకు, వేడి కప్పు దానికే ముందు," అంది. ఆ తర్వాత అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

నేను ఆ మాట నిలబెట్టాను, అక్కా. స్మశానం నుంచి వచ్చిన నలభై ముగ్గురిని గంటంబావు కాఫీ లేకుండా కూర్చోబెట్టాను. చలికి వాళ్ళ ముక్కులు ఎర్రబడ్డాయి. పాస్టరు గారు కెటిల్ వంక చూస్తే దాన్ని నా వెనక దాచుకున్నాను. అప్పుడు నువ్వు గుమ్మంలో కనిపించావు. "హమ్మయ్య, కాఫీకైనా అందావు" అనాలనుకున్నాను. పదకొండు రోజులు నిద్రలేని నోరు. అది ఎటు తిరిగిందో నీకు తెలుసు. మర్నాడే చెప్పాల్సింది. నువ్వు ఉత్తరం రాస్తే చెబుదామని ఊరుకున్నాను. నువ్వు నేను రాస్తానని ఊరుకున్నావు. తప్పు నాది. క్షమించు.

ఇక ట్రోన్‌హైమ్ సంగతి. ఓడ అధికారి రేవులోకి దిగే నిచ్చెన దగ్గర టోపీ తీసి నిలబడి, "అమ్మా, ఇక్కడ దిగండి, రైలుకి మనిషిని తోడు పంపుతాం," అన్నాడు. నిచ్చెన వంక చూశాను. ఊరి వంక చూశాను. నా కడుపు వంక చూసుకున్నాను. అది ఒక్కసారి కూడా తిరగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పాస్టరు గారి టోపీకి భయపడి ఒక్క ఊరూ చూడలేదు నేను. "ఈ టికెట్ మా అక్కది. ఆవిడ మా ఇంట్లో ఉంది, నేను ఆవిడ గదిలో ఉన్నాను. మీ లెక్క సరిపోయిందిగా. నేను దిగను," అన్నాను. ఆయన టోపీ పెట్టుకున్నాడు.

నోర్‌కాప్ చూసి వస్తాను. నీ ఉన్ని కోటు నాకు సరిపోయింది, నీలం టోపీ నీకంటే నాకే బాగుంటుంది. తిరుగు దారిలో ఓడ ఇరవై ఐదున పొద్దున ఎనిమిదికి మన రేవులో ఆగుతుంది. ఎవరు దిగాలి, ఎవరు ఎక్కాలి అని ఈసారి నువ్వొక్కదానివే తేల్చుకోకు. నేను నిచ్చెన మీద సగం దాకా దిగుతాను. నువ్వు సగం దాకా ఎక్కు.

నీ చెల్లెలు,
ఓలౌగ్

తా.క. నిచ్చెన మధ్యలో ఎక్కువసేపు నిలబడనివ్వరట, అడిగాను. వెనక ఆరువందల మంది దిగాలి. కాబట్టి ఏడుపు ఇంటి దగ్గరే కానిచ్చి రా.