మన పెరట్లో ఎనిమిది అడుగుల లోతు

మావయ్యా,

శిరీషను. మీరు వెళ్ళి ఏడాది పది నెలలైంది. ఇంట్లో అందరం బాగున్నాం. మీ మనవరాలు తన్వికి ఐదో ఏడు నడుస్తోంది. మీరు చూడని చిన్నది ఇంకొకటుంది, దానికి పదకొండు నెలలు. ముక్కు అచ్చం మీదే.

ఈ ఉత్తరం ఎందుకంటే... మిమ్మల్ని ఒక సంగతి అడగాలి. జవాబు రాదని తెలుసు. ఉన్నప్పుడే చెప్పలేదు కదా మీరు.

కొత్త కోడలిగా నరసరావుపేట వచ్చిన వారానికే అడిగాను, గుర్తుందా? పెరట్లో అంత పెద్ద ఈతకొలను. అడుగున ఎండుటాకులు, గోడలకు తెల్లగా పేరుకున్న ఉప్పు. ఇంట్లో ఒక్కరూ అందులో దిగరు. ఇదెందుకు కట్టించారు మావయ్యా అన్నాను. పేపర్లోంచి తల ఎత్తకుండా "నీళ్ళు పడ్డయ్ గదమ్మా, ఊరికే పోనియ్యడం ఎందుకని" అన్నారు. పేజీ తిప్పేశారు.

బోరు బండి వేసుకుని పల్నాడంతా తిరిగిన మనిషి. సొంత పెరట్లో వేసిన బోరు ధారాళంగా పోస్తే ఒక తొట్టి కట్టుకున్నాడు, అందులో వింతేముందిలే అని ఊరుకున్నాను. మీరు దాన్ని తొట్టి అనే అనేవారు. ఈతకొలను అన్న మాట మీ నోట ఒక్కసారి కూడా వినలేదు నేను.

ఈ వానాకాలం ఆ తొట్టిలో నడుం లోతు నీళ్ళు చేరాయి. పచ్చగా, అడుగు కనపడకుండా. ఒకరోజు పొద్దున తన్వి తన చెప్పు అందులో పడేసుకుంది. కర్ర పుల్లతో దాన్ని లాక్కుంటూ అంచు మీద బోర్లా పడుకుంది. సగం ఒళ్ళు ఇవతల, సగం అవతల. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. చూసి... అక్కడే నిలబడిపోయాను మావయ్యా. కాళ్ళు కదల్లేదు.

బట్టలుతుకుతున్న అత్తయ్య లేచారు. అరవలేదు, పరిగెత్తలేదు. మెల్లగా వెనకనుంచి వెళ్ళి గౌను పట్టుకుని ఇవతలికి లాగేశారు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారుతుందని ఆ క్షణంలో ఆమెకెలా తోచింది? అప్పుడు నాకు ఆ ప్రశ్నే రాలేదు.

మీ అబ్బాయి వంశీ సాయంత్రం షాపు నుంచి వచ్చి, సంగతి విని, చొక్కా కూడా విప్పకుండా తేల్చేశాడు. "పూడ్పించేద్దాం. ఇరవై ట్రక్కులు మట్టి తోలిస్తే సరిపోద్ది."

నేను ఒప్పుకోలేదు. ఆ పిల్లకి నీళ్ళంటే ప్రాణం. బకెట్టు కనపడితే చాలు చెయ్యి పెడుతుంది. దాచిపెడితే ఎన్నాళ్ళు దాస్తాం? దాని కళ్ళ ముందే ఉన్నదాన్ని దానికి తగ్గట్టు మారిస్తే పోలా? బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని, కొలతలంటే నాకు సరదా. గ్రాఫు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక చివర ఉన్న లోతంతా పూడ్చేసి మొత్తం మూడడుగులకు తేవాలి. కాలు జారని గరుకు రాళ్ళు. నీళ్ళు లాగే చోట పిల్లల జుట్టు చిక్కుకోకుండా జాలీ. మెట్ల పక్కన చిన్న చేతికి అందే కమ్మీ. వంశీ చూసి కాసేపు గొణిగి, సరే అన్నాడు.

మస్తాన్ మేస్త్రీని పిలిపించాం. మొదట కట్టింది ఆయనేనట కదా. ఇప్పుడు గడ్డం మొత్తం నెరిసింది. మిమ్మల్ని తలుచుకుని రెండు నిమిషాలు మెట్ల మీద ఊరికే కూర్చున్నాడు. తర్వాత నీళ్ళు తోడించి, లోపలికి దిగి, తాపీ పిడితో ఒక్కో టైలునూ తట్టి విన్నాడు. బోలుగా మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు.

"గోడలు గట్టిగానే ఉన్నయ్యమ్మా. పెద్దాయన సిమెంటు కాడ పిసినారితనం చెయ్యలా" అన్నాడు. లోతు చివరికి వెళ్ళి తల పైకెత్తి చూశాడు. ఆయన చెయ్యెత్తినా అంచు అందనంత లోతు అది. "ఇక్కడ ఎనిమిదడుగులు తవ్వమన్నాడు. ఇంట్లో కట్టుకునేదానికి నాలుగడుగులు చాలదా అన్నా అంటే, ఈత వచ్చినోళ్ళకి లోతు కావాలి మస్తానూ అన్నాడు. ఎవురికొచ్చు అంటే నవ్వాడు. నాకు ఇయ్యాల్టిదాకా అర్థం కాలా."

నాకూ అర్థం కాలేదు మావయ్యా. ఈత వచ్చినవాళ్ళా? మన ఇంట్లోనా?

మీకు రాదు. అమరావతి రేవులో మీరు స్నానం చేయడం చూశాను. మోకాళ్ళ లోతులో నిలబడి, ఒక చేత్తో గొలుసు పట్టుకుని, ఇంకో చేత్తో చెంబుతో పోసుకున్నారు. వంశీకి రాదు. తొట్టి కట్టిన ఏడాది తను ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు, వచ్చేసరికి అది పెరట్లో ఉంది, అంతే తెలుసు. "నాన్న సంగతి తెలిసిందేగా, ఏం చేసినా ఊరంతా చెప్పుకోవాల" అన్నాడు.

అత్తయ్యను అడిగితే, "నాకేం ఎరుక. ఆయన ఉన్నప్పుడే అడక్కపోయావా" అన్నారు. చేటలో కందిపప్పు పోసుకుని ఏరుతూ ఉండిపోయారు. ఆ పప్పులో రాళ్ళు లేవు. నేను ముందు రోజే ఏరాను.

నాకు నిద్ర పట్టని గుణం ఒకటుంది, తేలని లెక్క ఉంటే. ఎవరికోసం తవ్వించారు అంత లోతు? ఎవరైనా స్నేహితుడి కోసమా? మీరే నేర్చుకుందామనుకున్నారా? ఆ వయసులో, ఎవరికీ చెప్పకుండా?

తర్వాత నాలుగైదు రోజులకు, నేను వసారాలో కాగితం పరుచుకుని మెట్ల కొలతలు సరిచేస్తున్నాను. అత్తయ్య వచ్చి వెనక నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. చివరికి వంగి, లోతు చివర మీద వేలు పెట్టారు.

"ఇదంతా పూడ్చేస్తన్నారా?"

"అవునత్తయ్యా. మొత్తం మూడడుగులే."

"మూడడుగుల్లో ఏం ఈదుతారు? మోకాళ్ళు గీసుకుపోతయ్."

పెన్సిలు పక్కన పెట్టేశాను. "మీకెలా తెలుసు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నా పక్కన కూర్చుని, పెరటివైపు చూస్తూ మొదలుపెట్టారు.

మీకు తెలిసిందే అదంతా. కానీ ఆమె నోట నేను వినడం అదే మొదలు. ధరణికోటలో పుట్టి పెరిగారు, ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే కృష్ణ. పుట్టిల్లు ధరణికోట అని తెలుసు, అంతకుమించి నేనెప్పుడూ ఆలోచించలేదు. "ఎండాకాలం ఏరు సన్నబడ్డప్పుడు నడి ఏట్లో లంక దాకా ఈదేవాళ్ళం. దోసకాయలు కోసి ఓణీలో మూటగట్టుకుని మళ్ళీ ఈదుకుంటా వచ్చేవాళ్ళం. మా అన్నకన్నా నేనే ముందు" అన్నప్పుడు ఆమె గొంతులో ఏదో పంతం. ఇప్పటికీ ఆ అన్నతో పోటీ ఉన్నట్టు. "పెళ్ళయిన కొత్తల్లో ఒక్కసారి చెప్పా మీ మావయ్యకి. ఒక్కసారే."

ఒక్కసారి విన్న మాటను పందొమ్మిదేళ్ళు మనసులో పెట్టుకుని, పెరట్లో నీళ్ళు పడగానే ఎనిమిదడుగులు తవ్వించారా మావయ్యా? ఆమెకు కూడా చెప్పకుండా?

"మరి దిగలేదేం అత్తయ్యా?"

"ఎట్టా దిగుతా?" అన్నారు, నేనే ఏదో తప్పు చేసినట్టు నావైపు చూసి. "నిండిన రోజు బండి మీద పనిచేసేవాళ్ళందర్నీ పిలిచాడు. చుట్టుపక్కలోళ్ళని పిలిచాడు. కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ దిగు అన్నాడు. అటు చూస్తే సందు, ముళ్ళకంచె. ఇటు చూస్తే పక్కింటి మేడ మీద ఆడా మగా నిలబడి ఉన్నారు. తడిసిన చీరతో ఎట్టా దిగేది, ఎట్టా పైకొచ్చేది? నాకిష్టం లేదన్నా. ఆయన మొహం మాడిపోయింది. మళ్ళా ఆ ఊసెత్తలా."

"ఒక గోడ కట్టించమని అడగలేకపోయారా?"

"నేనడగాలా? ఆయనకి తోచొద్దూ?"

మావయ్యా, నిజంగా తోచలేదా? రాతినేల మీద నిలబడి ఇక్కడ నీళ్ళున్నాయి, అక్కడ లేవు అని చెప్పేవారు కదా మీరు. ఇష్టం లేదు అన్న మాటను అక్కడికక్కడే నమ్మేశారా? ఆమె ఈత మర్చిపోయిందనుకున్నారా? తెలిసీ, ముందు ఆమే నోరు తెరవాలని కూర్చున్నారా? తర్వాత పదహారేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు... ఎవరు ఎవరికోసం చూస్తున్నారు?

వంశీకి చెప్పాను. "అమ్మకి ఈతొచ్చా?" అని మూడుసార్లు అడిగాడు. లేచి వెళ్ళి ఎండిపోయిన తొట్టి దగ్గర నిలబడ్డాడు. తిరిగొచ్చి మాత్రం మూడడుగుల మాట మీదే ఉన్నాడు. "అయినా సరే శిరీషా. నేల మీద పాకే పిల్లున్న ఇంట్లో అంత లోతు ఉంచను. రేపేదన్నా జరిగితే?" అతని భయం అబద్ధం కాదు. ఆ రోజు కదలని కాళ్ళు నావే కదా.

రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. మూడో రోజు అత్తయ్యే అన్నారు. "వాడు చెప్పింది నిజమే. పసిపిల్లలు ముఖ్యం. పూడ్చండి. నేనేమన్నా చిన్నపిల్లనా?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఇష్టం లేదని మీతో అన్నప్పుడు కూడా ఇలాగే అని ఉంటారు, కదూ? అదే నన్ను పట్టుకుంది. ఈసారి ఆ మాటను నమ్మకూడదనుకున్నాను.

మళ్ళీ కొత్త కాగితం తీశాను. మస్తాన్ మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయనకు అసలు సంగతి చెప్పాను. "ఈ ముక్క పెద్దాయన అప్పుడే చెప్పుంటే గోడ నేనే లేపేవాణ్ణి గదమ్మా" అన్నాడు. ఆయన కళ్ళు తడయ్యాయి, దుమ్మని తుడుచుకున్నాడు.

తొట్టిని రెండు చేశాం. ఇవతల పిల్లలకు రెండడుగులు. మధ్యలో అడ్డుగోడ. అవతల ఐదున్నర, ఎనిమిది కాదు. వంశీ భయానికీ ఈతకీ మధ్యలో అత్తయ్య ఒప్పుకున్న లోతు అది. లోతు భాగం చుట్టూ ఇనుప జాలీ, దానికదే మూసుకునే తలుపు, తన్వికి ఎక్కడా అందనంత ఎత్తులో గడియ. ఎవరూ లేనప్పుడు పైన వల. వంశీ ఆ గడియను పదిసార్లు వేసి తీసి, తన్విని ఎత్తుకుని అందుతుందేమో చూసి, అప్పుడు తల ఊపాడు.

ఇక సందు వైపూ పక్కింటి వైపూ ఏడడుగుల నాపబండలు వరసగా నిలబెట్టించాం, మధ్యలో ఖాళీ లేకుండా. మేడ మీద నుంచి కనపడకుండా పైన ఇనుప పందిరి వేసి మాలతీతీగ నాటాం. అది అల్లుకునేదాకా గోనెపట్టాలు కట్టాను. చూడ్డానికి అంత బాగోదు. అత్తయ్య ఏదీ అడగలేదు, ఒక్కటి తప్ప. నీళ్ళలోకి దిగే ఆఖరి మెట్టు కాస్త వెడల్పుగా ఉండాలన్నారు. కూర్చోడానికట.

మీ బోరు ఇప్పుడు అంత పోయడం లేదు. నిండడానికి మూడు రోజులు పట్టింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు.

పోయిన ఆదివారం పొద్దున వంశీ తన్విని తీసుకుని కోటప్పకొండ వెళ్ళాడు. కావాలనే వెళ్ళాడు. చిన్నది నిద్రపోతోంది. అత్తయ్య నా పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని వచ్చారు. ఆరేళ్ళలో ఆమెను చీరలో తప్ప చూడలేదు నేను. "నవ్వావంటే చూడు" అన్నారు. నవ్వలేదు.

మెట్లు దిగి, ఆ వెడల్పు మెట్టు మీద కూర్చున్నారు. గుండెల దాకా నీళ్ళు. అలా ఎంతసేపు కూర్చున్నారో... చేతులు మాత్రం నీళ్ళలో అటూ ఇటూ ఆడుతున్నాయి. ఇక లేచి వచ్చేస్తారేమో అనుకుంటుండగా ముందుకు వాలారు.

ఈత కుదరలేదు మావయ్యా. సగం దాకా వెళ్ళి, ఊపిరందక, గోడ పట్టుకున్నారు. దగ్గు. "చేతులు మాట వినడంలా" అన్నారు. ఇక చాలత్తయ్యా అందామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. రెండోసారి కూడా అంతే. మూడోసారి మొహం నీళ్ళలో పెట్టి, కాళ్ళు ఆడిస్తూ, నేను చూస్తుండగా ఆ చివర తాకారు. తిరిగి ఈ చివరకొచ్చారు. ఆపలేదు. మళ్ళీ వెళ్ళారు.

యాభై ఆరేళ్ళ మనిషి. ఉదయం లేస్తే మోకాళ్ళు పట్టేస్తున్నాయని అమృతాంజనం రాసుకునే మనిషి. నీళ్ళలో ఆ మనిషి కాదు. ఎవరో పదహారేళ్ళ పిల్ల, నేనెప్పుడూ చూడనిది. మీరు మాత్రం చూశారా ఎప్పుడైనా? చూడలేదు కదా. వినడమే.

అరగంట తర్వాత మెట్టు మీద కూర్చుని జుట్టు పిండుకుంటూ, నావైపు చూడకుండా అన్నారు. "ఆయన ఉంటే గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పేపరు అడ్డం పెట్టుకుని."

తువ్వాలు అందించాను. కాసేపటికి ఆమే మళ్ళీ, మామూలు గొంతుతో, "రేపట్నించి ఆరింటికే దిగుతా. పొద్దున టీ నువ్వే పెట్టుకో" అన్నారు.

పెడుతున్నాను మావయ్యా. వారం రోజులుగా నేనే పెడుతున్నాను. ఆమె పెట్టినంత బాగా కుదరడం లేదు. ఆమెకు ఒక గ్లాసు పోసి, మూతపెట్టి, గట్టు మీద పెట్టి వస్తున్నాను. రోజూ పెడతాను.

మీ కోడలు
శిరీష